మోదుగపూల షర్బత్

నా మాటలేవీ నమ్మని మా బావ, "నీ సేత్తో సేసిందొక్కటి సూపించు బావా" అన్నాడు. ఆ పౌరుషంతో రావికమతం కొండవార మోదుగపూలు కోసి, బెల్లం వేసి షర్బత్ చేశాను. సీసాతో బావ ఉండే అనకాపల్లికి బస్సెక్కాను.

పక్క సీటులో ఒక ముసలమ్మ. నేను పూలు కోస్తున్నంతసేపూ చెట్టు కింద పులి కాపలా కాసిందని చెప్పాను. ఆమె మూతలో కాస్త పోయించుకుని చప్పరించింది.

"పులిని నమ్మేను బాబూ. పూలు మరగబెట్టేవేటి?"

"మూడు గంటలు మామ్మా."

"అందుకే సేదొచ్చింది. రాత్రంతా సన్నీళ్లలో నానితే సాలు."

దిగబోతూ తన సంచిలోంచి అదే రంగు షర్బత్ ఉన్న సీసా తీసి నా ఒళ్లో పెట్టి, నాది పట్టుకుపోయింది. "నువ్వే సేసేవని సెప్పు" అంది.

బావ రెండో గ్లాసు పోసుకుని, "ఓడిపోయేను బావా" అన్నాడు.

ఇన్ని కోతలు కోసిన నోటికి, నేనే చేశానన్న ఆ ఒక్క కోతా రాలేదు. బస్సులో ముసలమ్మ సీసా మార్చిందని చెప్పేశాను. పులి సంగతి కూడా చెప్పాను.

బావ పడీపడీ నవ్వాడు. "ఆ ముసలమ్మని నమ్మడం కంటే నీ పులే నయం."

ఇప్పుడు ఏటా పూలు చన్నీళ్లలోనే నానబెడతాను. పులిని మాత్రం మానలేదు.