నేను పంచిన విదేశీ గులాబీలు

ఒక గులాబీ మొక్క వల్ల నేను ఆర్మూరులో నాలుగిళ్లకు పగవాణ్ణయ్యాను. ఐదో ఇల్లు తప్పించుకున్నది నా మంచితనం వల్ల కాదు, గంగవ్వ పెద్దమ్మ నోటి వల్ల.

తొంభైల మొదట్లో మాట. పసుపు మార్కెట్లో తూకాలు లెక్కగట్టే పని నాది. నిజామాబాద్‌లో ఒక నర్సరీలో విదేశీ గులాబీ కొన్నాను. అది ఏపుగా లేవగానే ఐదు కొమ్మలు కోసి, వాడలో ఐదిళ్లకు పంచాను. మా దగ్గర పసుపు విత్తనం కూడా అట్లాగే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఐదూ చిగురించాయి, వాటితోపాటు నా గర్వమూ.

నాలుగు నెలలకు, మొక్కకు వేలాడుతున్న ఇంగ్లీషు చీటీని నిఘంటువు దగ్గర పెట్టుకొని చదివాను. అనుమతి లేకుండా ఈ రకాన్ని కొమ్మలతో పెంచడం చట్టవిరుద్ధమట.

లెక్కలు నాకెవరూ నేర్పలేదు, సొంతంగా పట్టుబడినవే. అందుకే ఎక్కడ ఆపాలో కూడా ఎవరూ నేర్పలేదు. ఒక్క మొక్క ఏటా ఐదైతే, ఐదేళ్లకు మూడు వేల నూట ఇరవై ఐదు. మొక్కకు ఒక రోజు చొప్పున ఎనిమిదిన్నరేళ్ల జైలు. ఆదివారాలు తీసేసినా ఏడు దాటుతోంది, మీరూ సరిచూసుకోవచ్చు.

మర్నాడే నాలుగిళ్లలో మొక్కలు పీకి గోనెసంచిలో వేశాను. ఎవరూ తిట్టలేదు, పలకరించడం మానేశారు. ఐదో ఇంట్లో గంగవ్వ పెద్దమ్మ బీడీలు చుడుతోంది.

"ఏం గావాలె బిడ్డా?"

"గా గులాబి వాపస్ ఇయ్యి పెద్దమ్మా. చట్టం ఒప్పుకోదు."

"ఎవల చట్టం?"

"బయటి దేశపోల్లది."

"ఆల్లు గిక్కడిదాక వస్తరా?"

"రారు గని..."

"మరి నువ్వెందుకొచ్చినవ్? మొక్క ఇచ్చిననాడు మా ఇంట్ల చాయ్ తాగినవ్. ముందుగాల గది కక్కు, అటెన్క చెట్టు పీకు."

చాయ్ సంగతి చట్టంలో లేదు. ఆమె మొక్క అక్కడే వదిలి, సంచీ, చీటీ రెండూ పట్టుకొని నర్సరీకి పోయి, యజమాని ముందు నేరం ఒప్పుకున్నాను.

ఆయన చీటీ చూసి, "గిది ఆల్ల దేశం చట్టం సార్. మన దగ్గర ఇంట్ల పెంచుకునేటోల్లకు గసొంటిదేం లేదు" అన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక మొక్క తీసి, ఆకు తిప్పి చూశాడు.

"కొమ్మలు ఏడికెళ్లి కోసిన్రు?"

"కింది నుంచి. మస్తు బలంగున్నయని."

"మేం అడివి గులాబి మొదలు మీద మంచి రకం అంటు కడ్తం సార్. మీరు కోసింది అంటు కింది కొమ్మలు. మీరు పంచింది ఉత్త అడివి గులాబి. కంచెకు పెట్టుకుంటరు."

తిరిగొచ్చి నాలుగిళ్లకూ పోయి నిజం చెప్పాను. అందరూ మళ్లీ మాట్లాడారు, అంటే, నవ్వడం ఆగాక.

ఆ రోజే నిలబడి ప్రతిజ్ఞ చేశాను: చెయ్యడం చేతకాని నేరాన్ని ఈ జన్మలో మళ్లీ ఒప్పుకోను.