కాళ్లు ఆనితేనే లెక్క

నిన్న సాయంత్రం కైకలూరు రోడ్డు మీద బస్సు ఆగబోతుండగా, దూరంగా చేపల చెరువు గట్టు మీద టపాకాయ పేలింది. దీపావళికి ఇంకా చాలా రోజులున్నాయి. పక్షులు చెరువుల మీద వాలకుండా కాపలావాళ్లు ఇలా పేలుస్తుంటారు. మందు వాసన కిటికీలోంచి లోపలికొచ్చేసరికి నా చెయ్యి దానంతటదే సంచిలోని బైనాక్యులర్స్ మీదికి పోయింది. పక్కసీట్లో పెద్దాయన, "ఏవండీ, ఉలిక్కిపడ్డారా?" అని అడిగారు. "లేదండీ, ఒళ్లు మండింది" అన్నాను. ఈ మంట నాకు పుట్టుకతో వచ్చింది కాదు. గ్రేసమ్మ టీచరు గారు అంటించి వెళ్లారు.

ఆవిడ ఏలూరులో ఒక స్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైలెక్కి, అదే స్కూలుకి లెక్కలు చెప్పడానికి వెళ్లేదాన్ని. టీచరుగారు పొట్టి మనిషి, గట్టి గొంతు. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్లు నిద్ర మానుకుని సర్దుకు కూర్చునేవారట. కొత్తగా చేరిన నన్ను స్టాఫ్‌రూములో చూసి, పేరైనా అడక్కుండా, "లెక్కలు చెప్తారు కదండీ, గద్దల్ని లెక్కపెడతారా?" అన్నారు. హాస్యమనుకుని నవ్వాను. ఆ శనివారమే స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని కొల్లేరు తీసుకుపోయారు.

ఆశ్వయుజం వచ్చేసరికి ఉత్తరాది చలిదేశాల నుంచి పిల్లిగద్దలు కొల్లేటికి దిగుతాయి. పగలంతా కప్పలనీ ఎలకలనీ వేటాడి, పొద్దుగూకే వేళకు ఎత్తుగా పెరిగిన కిక్కిస గడ్డిలోకి వచ్చి, గుంపుగా నేలమీదే పడుకుంటాయి. అప్పుడే వాటిని లెక్కపెట్టాలి. అయితే అవి తిన్నగా దిగవు. ఒకటే గద్ద నాలుగుసార్లు చుట్టూ తిరిగి, మనం నాలుగనుకునేలా చేస్తుంది. అందుకని టీచరుగారిది ఒకటే రూలు: కాళ్లు కిందికి జాపి, గడ్డిలో ఆనించిందే లెక్క. మొదటిరోజు నేను ఉత్సాహంగా వేళ్లు మడుస్తుంటే మోచేత్తో పొడిచారు. "అది చూడ్డానికొచ్చిందండీ, ఉండడానికి రాలేదు. వేలు తియ్యండి."

ఆ కిక్కిస నేల ఎవరిదన్నది పెద్ద తగాదా. పక్కన చెరువులున్న సత్యంగారు దాన్ని కూడా తవ్వి చెరువు చేద్దామని చూస్తున్నారు. మావైపు బెదిరింపు కూడా అండీలతోనే వస్తుంది. ఒకరోజు ఆయన గట్టు మీదికొచ్చి కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చి, "ఏవండీ టీచరుగారూ, ఈ గట్టు మీద పాములెక్కువండీ. ఆడవాళ్లు, మీకెందుకండీ ఈ శ్రమ?" అన్నారు. టీచరుగారు బోండాం పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని, "పాములుంటే మంచిదేనండీ, గద్దలకి తిండి" అన్నారు. సత్యంగారి ముఖం చూడాల్సింది!

ఆ నేల సంగతి తేల్చడానికి అధికారులు ఊళ్లో మీటింగు పెట్టిన సంవత్సరమే గద్దలు బాగా తగ్గిపోయాయి. చుట్టూ టపాకాయలు, చెరువుల మీద కట్టిన నైలాను దారాలు... రమ్మంటే మాత్రం ఎలా వస్తాయి? మా పక్షానే మాట్లాడే పట్నం మిత్రులొకరు టీచరుగారిని పక్కకు పిలిచి, "నిరుడు చెప్పిన సంఖ్యే చెప్పెయ్యండి మేడం, గద్దలున్నచోట తవ్వనివ్వరు, నేల దక్కుతుంది" అన్నారు. నాకూ అదే న్యాయమనిపించింది. ఆవిడ వినలేదు. లేచి నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. సత్యంగారి మనుషులు చప్పట్లు కొట్టారు. "ఆగండి, అప్పుడే కొట్టకండి" అన్నారావిడ. "నిరుడొచ్చినవి ఈ ఏడాది ఎందుకు రాలేదో ఎవరైనా లేచి చెప్పండి. అప్పుడు నేను కూడా కొడతాను."

అయినా నేల పోయింది. వేసవిలో పొక్లెయిన్లు దిగి కిక్కిసను వేళ్లతో సహా పెకలించాయి. అబద్ధం ఒక్కటి ఆడితే ఏం పోయేదని ఆవిడతో చాలా రోజులు మాట్లాడలేదు నేను. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మళ్లీ ఆశ్వయుజం వచ్చింది. టీచరుగారు స్కూటరు తాళం తిప్పుతూ, "పదండి, వేళైంది" అన్నారు. "ఎక్కడికండీ? ఏముందక్కడ లెక్కపెట్టడానికి?" అని అరిచినంత పనిచేశాను. "సున్నా ఉంది కదండీ. మీ లెక్కల్లో అది అంకె కాదా?"

ఆ సీజనంతా చెరువుగట్టు మీద నిలబడి ఖాళీ ఆకాశం చూశాం. తిరిగొస్తూ రోడ్డు మీద టీకొట్టు దగ్గర ఆగేవాళ్లం. కొట్టతను "ఎన్నండీ?" అనగానే, "సున్నా!" అని సెంటరంతా వినబడేలా చెప్పేవారావిడ. మొదట్లో అక్కడివాళ్లంతా నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. ఒకరోజు సత్యంగారే ఎదురొచ్చి, "దీనివల్ల మీకేం వస్తుందండీ?" అని అడిగారు. "నాకేం రాదండీ. మీకు నిద్ర రాదు" అన్నారు టీచరుగారు.

ఆవిడ పోయాక ఆ గట్టు నాకు మిగిలింది. నిన్న బస్సు దిగి వెళ్లేసరికి చెరువు మూలన, ఎవరూ నాటకుండానే, గదంత మేర కిక్కిస మళ్లీ మొలిచి ఉంది. పొద్దు వాలుతుండగా ఒక పిల్లిగద్ద వచ్చింది. ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. కాళ్లు కిందికి జాపింది. నేను వేలు మడవబోయాను. అంతలో అవతలి గట్టు మీద టపాకాయ పేలింది. అది చివాలున లేచి దక్షిణానికి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఇటువైపు కాపలా ముసలాయన జాలిపడి, "ఒకటని చెప్పుకోండమ్మా, వచ్చింది కదా" అన్నాడు.

"కాళ్లు ఆనలేదండీ."

టీకొట్టు దగ్గరికొచ్చాను. టీ తాగుతున్న సత్యంగారు నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టారు. కొట్టతను అలవాటుగా "ఎన్నండీ?" అన్నాడు.

"సున్నా!" అన్నాను, సెంటరంతా వినబడేలా. "రేపు మళ్లీ వస్తానండీ."