చీటీ తీయని ఆదివారం

నా చిన్నప్పుడు, మూడో తరగతి చదివే రోజుల్లో, ఒక వారమంతా నా కుడిచేతిని చూస్తేనే నాకు భయమేసింది. ఆ చేతికి దెబ్బా లేదు, పుండూ లేదు. ఆదివారం నాడు చర్చిలో ఆ చెయ్యి ఒక చీటీ తీయాలి. చీటీలో ఏముంటే దాన్నిబట్టి మా అమ్మ కువైట్‌కు పోతుంది, లేదంటే మా దగ్గరే ఉండిపోతుంది.

మాది కడప జిల్లాలో నాపరాళ్ల గనుల పక్కనున్న ఒక పల్లె. మా ఇళ్లకు గోడలూ కప్పులూ అరుగులూ అన్నీ ఆ బండలే. మా నాయన గనిలో బండలు తీసేవాడు. ఆ ఏడు ఒక బండ జారి ఆయన కాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ కాలు మునుపటిలా నిలవలేదు. గడ్డపార పట్టుకొని నిలబడితే కాసేపటికే మోకాలు వణికేది. ఉన్న కాస్త చేనులో వేసిన శనక్కాయ వాన లేక మాడిపోయింది. అమ్మ కూలికి పోదామన్నా పిలిచేవాళ్లు లేరు. పొద్దున రొట్టె చేసిన రోజు రాత్రికి సంగటి ఉండేది కాదు.

అలాంటప్పుడు రాయచోటి వైపు నుంచి ఒక ఏజెంటు మోటారు సైకిలు మీద మా ఊరికి రావడం మొదలుపెట్టాడు. కువైట్‌లో ఇంటిపనికి ఆడవాళ్లు కావాలనీ, రెండేళ్లు కళ్లు మూసుకొని చేస్తే సంసారం నిలబడుతుందనీ చెప్పేవాడు. సోమవారం మళ్లీ వస్తాననీ, ఆలోగా ఏదో ఒక మాట తేల్చుకొమ్మనీ అమ్మతో అని వెళ్లాడు. అమ్మానాయనా ఒకరినొకరు అడుగుతూనే ఉన్నారు. నువ్వేమంటావంటే నీ ఇష్టమంటూ, నా ఇష్టం కాదు నువ్వే చెప్పమంటూ. మా తమ్ముడికి అప్పుడప్పుడే నడక వస్తోంది. అమ్మ చెవి పట్టుకుంటే తప్ప వాడికి నిద్ర పట్టేది కాదు. అమ్మ ఆ చిన్న చేతిని చూసినప్పుడల్లా మాట మధ్యలో ఆపేసేది.

మా పెద్దనాయన మా చర్చి సంఘంలో పెద్ద. భక్తిపరుడు, మా మీద ప్రేమ ఉన్నవాడు. ఇద్దరూ తేల్చుకోలేకపోవడం చూసి ఆయనే దారి చెప్పాడు. ఒక చీటీలో పొమ్మని, ఒక చీటీలో వద్దని రాసి, ఆరాధన అయినాక కానుకల పళ్లెంలో పెట్టి, పిల్ల చేత తీయిద్దామన్నాడు. ఏది వస్తే అదే దేవుని చిత్తం. "పాపం ఎరగని చెయ్యి పాపది. దాంతో తీయిస్తే ఇంక అనుమానం ఉండదు" అన్నాడు నా తల నిమురుతూ. అమ్మానాయనల ముఖాల్లో బరువు దిగినట్లు కనిపించింది. నిజం చెప్పాలంటే నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. వాళ్ల మీది నుంచి దిగిన బరువు ఎక్కడికి వచ్చిందో నాకు తెలుస్తూనే ఉంది.

ఆ వారం నాకు బడిలో పలక మీద అక్షరం కుదరలేదు. అమ్మ పోకూడదని ప్రార్థన చేసుకునేదాన్ని. అంతలోనే నాయన గోడ పట్టుకొని లేవడం కనిపించేది. అయ్యో, నేను ఆకలి కావాలని ప్రార్థన చేశానే అనుకొని, మళ్లీ కళ్లు మూసుకొని ఆ మాట వెనక్కి తీసుకునేదాన్ని. పోయే చీటీ వస్తే పెద్దయ్యాక తమ్ముడు నన్ను తిడతాడు. వద్దనే చీటీ వస్తే ఇంట్లో అందరం పస్తులుంటాం, అదీ నా వల్లనే. ఏ చీటీ తీసినా తప్పు నాదే అయ్యేట్లుంది. ఎడమచేత్తో తీస్తే ఏమవుతుందని కూడా ఆలోచించాను.

మా చర్చి పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ ఊరంతా పిలిచేది. శుక్రవారం సాయంత్రాలు ఆమె తన అరుగు మీద మాకు పాటలు నేర్పేది. ఆ రోజు అందరూ చప్పట్లు కొడుతుంటే నేను చెయ్యి పావడా మడతల్లో దాచుకొని కూర్చున్నాను. పిల్లలంతా వెళ్లాక ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఏమైందని అడిగింది. నేను ఏడుస్తూ ఒకే మాట అడిగాను.

"నేను తీసేది దేవుడు తీసినట్లేనా అమ్మగారూ? నా చెయ్యి తప్పు తీస్తే?"

ఆమె నా చెయ్యి పావడాలోంచి బయటికి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "ఇంత బరువు నీ చేతిలో దేవుడు పెట్టలేదు పాపా. పెద్దోళ్లం పెట్టినాం" అని, చెప్పులేసుకొని నాతోపాటు మా ఇంటికి వచ్చింది.

చీటీలు వద్దని ఆమె అనలేదు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని మామూలుగా అడిగినట్లే అడిగింది. ఏ ఊర్లో పని? ఏ ఇంట్లో? ఒళ్లు బాగలేకపోతే చూసేదెవరు? మధ్యలో రావాలంటే పంపిస్తారా? అమ్మకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు.

"ఏజెంటును అడగలేదా మే?"

"అడిగితే కోపం చేసుకొని ఇంకొకరిని చూసుకుంటాడేమోనని అడగలేదు అమ్మగారూ."

"మనిషిని అడగాల్సింది మనిషిని అడగకుండా, అంతా దేవుని మీద ఏస్తే యట్ల? నాకూ తెలీదు ఆ సంగతులు. తెలిసినామె ఒకామె కడపలో ఉండాది. రేపు పోదాం రా."

మరుసటి రోజు తమ్ముణ్ణి నాయనకు అప్పజెప్పి మేం ముగ్గురం బస్సెక్కాం. కడప పాతబస్తీలో ఒక సందులో ఉండేది ఆ అక్క. ముస్లింల ఆవిడ. ఒకప్పుడు ఆమె, అమ్మగారు ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద పురుళ్లు పోసుకున్నారట. ఆ స్నేహం అలాగే నిలిచింది. ఆ అక్క కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చింది. మాకు టీ ఇచ్చి, అమ్మ ఎదురుగా చాప మీద కూర్చుంది. అమ్మ మొదట సిగ్గుతో తలొంచుకుంది. తర్వాత ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. మా అమ్మ అన్ని ప్రశ్నలు అడగగలదని నాకు అంతవరకు తెలియదు.

"నేను చేసిన ఇంట్లో తల్లి మంచిదే. అబద్ధం చెప్పను చెల్లీ, ఈ ఇల్లు ఆ పనితోనే కట్టినాం" అంది ఆ అక్క. "మా చెల్లెలు పోయిన ఇల్లు వేరే. ఆర్నెల్లు దాని జాబు రాలా. బతికుండాదో లేదో తెలీక మా అమ్మ నమాజు కాడనే కూలబడి ఏడ్చేది. పాసుపోర్టు వాళ్ల కాడనే పెట్టుకుంటారు. రావాలనుకున్నా రాలేం." తను తిరిగొచ్చిన రోజు కన్నకొడుకు తనను చూసి వాళ్ల అమ్మమ్మ కొంగు వెనక దాక్కున్నాడని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"పోవద్దని నేను అనను. పోయేదుంటే యా ఇంటికి పోతాండావో, ఎవరి ఇల్లో తెలుసుకొని పో. అది చెప్పని వాని ఎంట మాత్రం పోవద్దు." తర్వాత నా వైపు చూసింది. "చంటోన్ని ఎవరు చూస్తారు? ఈ పాపేనా?"

అమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆ వారంలో ఆమె నన్ను నిజంగా చూసింది అప్పుడే అనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ "తెలీకముందే బాగుండె అమ్మగారూ. ఇప్పుడు ఇంకా శానా భయమైతాండాది" అంది.

"తెలిసినాక వచ్చే భయం మంచిదే మే. ఏం అడుక్కోవాలో అది చెప్తాది. ఆ భయంతోనే ప్రార్థన చెయ్."

ఆదివారం వచ్చింది. ఆరాధన అయింది. పెద్దనాయన మడిచిన చీటీలు పళ్లెంలో వేసి, దాన్ని బల్ల మీద పెట్టి నన్ను పిలిచాడు. నేను లేచి నిలబడ్డాను. ఆడవాళ్ల వైపు నుంచి మా అమ్మ కొంగు తలమీదికి లాక్కుంటూ లేచింది. చర్చిలో ఆమె గొంతు అంతకుముందు పాటల్లో తప్ప ఎవరూ విని ఉండరు.

"బావా, పాపను పిలవద్దు."

అందరూ తిరిగి చూశారు. పెద్దనాయన ముఖం ఎర్రబడింది. "ప్రభువు శిష్యులు, అపొస్తలులే చీట్లు ఏసినారు. వాళ్లకంటే మనం గొప్పోళ్లమా?" అన్నాడు.

అమ్మగారు కూర్చున్నచోటి నుంచే నెమ్మదిగా, "ఏసినారు పెద్దాయనా. ముందు అందరూ కూచోని ఆలోచన చేసి, ఖాళీ అయిన చోటికి తగినోళ్లు ఎవరో చూసి, ఆ తర్వాతనే ఏసినారు. మనం ఇంకా ఆలోచనే చేయలేదు గదా" అంది.

"దేవుడు చెప్పడని కాదు బావా" అంది అమ్మ. "నేను అడగాల్సినవి ఉండాయి. అవి అడక్కుండా నా బిడ్డ చేతిని ముందుకు తోయలేను."

పెద్దనాయన చీటీలు జేబులో వేసుకొని బయటికి వెళ్లిపోయాడు. తర్వాత చాలా రోజులు మా గడప తొక్కలేదు. అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి వాకిట్లోనే కూర్చుండిపోయింది. పెద్దల్ని ఎదిరించానే అని ఒక పక్క, రేపు ఏమౌతుందో అని ఇంకో పక్క. ధైర్యం చేసినవాళ్లకు భయం ఉండదని కథల్లో చెబుతారు. నేను చూసిన ధైర్యం మాత్రం చెమటలు పట్టి, మంచినీళ్లు అడిగి తాగింది.

సోమవారం ఏజెంటు వచ్చాడు. అమ్మ వాకిట్లో నిలబడి, నాయన పక్కనుండగా, అన్నీ అడిగింది. ఏ ఇల్లు, ఎవరి ఇల్లు, అక్కడ ముందు నుంచి పనిచేసే మనిషితో జాబు రాయిస్తావా అని. అతను మొదట నవ్వాడు. తర్వాత విసుక్కున్నాడు. "ఇన్ని అడిగేవాళ్లు ఇంట్లోనే ఉండుకోవల్ల" అని బండి తిప్పుకొని పోయాడు. అమ్మా నాయనా ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చొని చాలాసేపు మాట్లాడుకున్నారు, కలిసి ప్రార్థన చేసుకున్నారు. తర్వాత అమ్మ నన్ను పిలిచి చెప్పింది. "నేను పోవడం లేదు. ఇది నేనూ మీ నాయనా అనుకున్నది. రేపు కష్టమొస్తే మమ్మల్ని అడుగు. నీది ఏం లేదు ఇందులో." ఆ రాత్రి నేను ఆకలితోనే పడుకున్నాను గానీ హాయిగా నిద్రపోయాను.

కష్టం రానే వచ్చింది. ఆ ఎండాకాలం చాలా రోజులు ఒంటిపూట తిండితోనే గడిచాయి. పైగా మా వీధిలో ఒకామె అదే ఏజెంటు ద్వారా కువైట్‌కు పోయింది. ఆమెకు మంచి ఇల్లే దొరికింది. తిరిగొచ్చి చేను కొనుక్కుంది. "ఆ చోటు నీదమ్మా" అని పెద్దనాయన ఒకసారి అమ్మతో అననే అన్నాడు. అప్పటికి అమ్మ పిల్లల హాస్టల్లో వంటపనికి కుదిరింది, నాయన కూర్చొని బండలకు నునుపు పట్టే పని నేర్చుకున్నాడు. బతుకు నిలబడింది గానీ ఒడ్డున పడ్డామని చెప్పలేను. నేను పెద్దదాన్నయ్యాక ఒకసారి అమ్మను అడిగేశాను, అప్పుడు తప్పు చేశావేమో అని. అమ్మ బియ్యం ఏరుతూ, "ఆయమ్మకు మంచి జరిగింది, దేవునికి స్తోత్రం. నాకు తెలిసినకాడికి చూసి, అడిగి చేసినా. ముందుముందు ఏం జరుగుతాదో చూసే కండ్లు నాకు ఆయన ఇయ్యలేదు" అంది. ఆమె గొంతులో విచారం లేదు.

పోయిన ఏడు మా ఆయనకు గుండె ఆపరేషన్ చేయించాలా వద్దా అనే మాట వచ్చింది. ఇంట్లో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. ఏదైనా గుర్తు కనపడితే బాగుండునని నా మనసు కూడా వెతుక్కుంది. ఇన్నేళ్లొచ్చినా నాకు భయం పోలేదు. మోకరించాను, ఆ భయంతోనే ప్రార్థన చేశాను. దేవా, ఏం అడగాలో నాకు తెలియజెయ్యి, విన్నది తట్టుకునే బలమియ్యి అని మాత్రమే అడిగాను. తర్వాత లేచి, అదే ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఎక్కడున్నాడో కనుక్కొని, మా ఆయనను వెంటబెట్టుకొని ఆటో ఎక్కాను.