మొదటి హారన్

డెబ్బైల చివర్లో నేను అమలాపురంలో కొత్తగా టీచర్‌గా చేరాను. ఒక ఆదివారం తోటి టీచర్లతో కలిసి గోదావరి మీద లాంచీ విహారానికి వెళ్లాను. దారిలో ఒక లంక రేవులో లాంచీ ఆపేరు. మొదటి హారన్ కొడితే వెనక్కి బయల్దేరాలి, పది నిమిషాల తర్వాత రెండోది కొట్టి లాంచీ తీస్తారు.

ఒడ్డునే ఒక ఇంటిముందు కొబ్బరాకుల పందిట్లో బంతి భోజనాలు జరుగుతున్నాయి. పెళ్లనుకున్నాను. చూస్తూ నిలబడితే ఆ ఇంటావిడ "రండి బాబూ, భోంచేసెళ్లండి" అంటూ కూర్చోబెట్టి ఆకు వేసింది. పీకలదాకా తిన్నాను. ఊరికే లేచిపోతే బాగుండదనిపించి నవ్వుతూ అడిగాను.

"పెళ్లికొడుకు ఎక్కడండీ? అక్షింతలు వేసి వెళ్తాను."

వడ్డించేవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఆవిడ గుమ్మం పక్కన దండ వేసిన ఫొటో చూపించింది.

"మా అబ్బాయండి. పోయి ఇయ్యాల్టికి ఏడాదండి. ప్రార్థన పెట్టుకున్నాం."

అంతలో హారన్ మోగింది. "లాంచీ వెళ్లిపోతుందండీ" అంటూ లేచాను. "మజ్జిగైనా తాగెళ్లండి బాబూ" అని వెనకనుంచి ఆవిడ పిలుస్తూనే ఉంది.

క్షమించమని అడగడానికి నాకింకా పది నిమిషాలున్నాయి. మోగింది మొదటి హారనే. ఆ సంగతి తెలిసే పరుగెత్తాను.