కాకటీల్ బుగ్గలకు లిప్‌స్టిక్

ఈ రోజు మా కిరందుల్ కాలనీ హాల్లో కాకటీల్ అనే జుట్టు చిలుకల అందాల పోటీ జరిగింది. మా ఇంట్లోనే పుట్టి పెరిగిన బూడిదరంగు మగపిట్టను నేనూ తీసుకెళ్లాను. పక్క బల్ల మీద రైల్వే క్వార్టర్స్ అప్పలరాజు గారి పసుపు పిట్ట ఉంది. కాకటీల్‌కు బుగ్గల మీద నారింజరంగు మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. ఈయన పిట్టకు మాత్రం అవి ఎర్రగా మెరుస్తున్నాయి. పాపం, అది బుగ్గను పంజరం కడ్డీలకేసి ఒకటే రుద్దుకుంటోంది. దగ్గరికెళ్లి చూస్తే లిప్‌స్టిక్!

“ఏటండీ ఇది? కంట్లోకి పోతే పిట్ట ఏటైపోద్ది?” అన్నాను.

“పెళ్లికూతురికి ముస్తాబు సెయ్యరేటమ్మా? నీ పిట్టకి రంగు లేదని ఏడుపా?” అన్నారాయన.

ఒళ్లు మండి న్యాయనిర్ణేతకు చెప్పాను. ఆ పెద్దమనిషి పంజరం దగ్గరికి కూడా వెళ్లకుండా “వాహ్, క్యా రంగ్ హై!” అంటూ మొదటి బహుమతి కప్పు దానికే ఇచ్చేశారు. పిట్టల గురించి ఆయనకు తెలిసిందల్లా అవి ఎగురుతాయని.

ఫొటో తీసే వేళకు అప్పలరాజు గారి భార్య వేదిక ఎక్కి, పిట్టను చేతిలోకి తీసుకుని, తడిపిన చీరచెంగుతో బుగ్గ తుడిచారు. చెంగు ఎర్రబడింది.

“సిగ్గు నేదేటయ్యా నీకు? దీని కన్ను సూడు, ఎలా నీళ్లు కారిపోతన్నాదో!” అని భర్తను అందరి ముందే కడిగేసి, పిట్టతో ఇంటికి వెళ్లిపోయారు.

అప్పలరాజు గారు మాత్రం కప్పు వదల్లేదు. వెనక్కి అడగడానికి న్యాయనిర్ణేతకు నోరు రాలేదు. అలాంటి కప్పును షోకేసులో పెట్టుకుని రోజూ ఎలా చూసుకుంటారో, తెలిసినవాళ్లుంటే చెప్పండి.