చుట్టూ తెల్లకాగితం

ఇట్స్కె ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపింది. నిమిషం తప్పకపోవడమూ, అడ్డొచ్చినవాణ్ణి గంట కొట్టి తిట్టడమూ ఆ పనిలోనే ఒంటబట్టాయి. ఉద్యోగం అయిపోయాక గంట పోయింది, తిట్లు మిగిలాయి.

రోజూ ఏడింటికల్లా మడత కుర్చీ, సిరా కలం, బొమ్మల పుస్తకం పట్టుకుని ఎల్జెన్ పార్కుకు వెళ్ళేది. అక్కడ బొమ్మలు గీసేవాళ్ళు అయిదుగురు. వాళ్ళ కట్టుబాట్లు వాళ్ళవి. ఫోటో తీయకూడదు, రబ్బరు ముట్టకూడదు. పక్షిని గీస్తే పక్షినే గీయాలి. వెనకాల చెట్టూ గట్టూ గీసి కాగితం నింపడం చేతకానివాళ్ళ పని. “చుట్టూ తెలుపు వదిలితేనే ప్రాణికి ఊపిరాడుతుంది” అనేవాడు వాళ్ళలో పెద్దవాడు, ఒకప్పటి పళ్ళ డాక్టరు సీమెన్.

ఆ వసంతంలో పార్కు కాలవ మీది వంతెన కింద బొల్లికోళ్ళనే నీటిపక్షుల జంట గూడు కట్టింది. రెల్లు పుల్లలు, బంగాళాదుంప వేపుడు పొట్లాలు, ఎవరో పారేసిన నీలం చేతితొడుగు. అందులో ఏడు గుడ్లు. ఇట్స్కె పంతొమ్మిది రోజులు గీసింది. ప్రతి బొమ్మ మూలా తేదీ, గంట, నిమిషం.

ఇరవయ్యో రోజు వెళ్ళేసరికి కాలవ బోసిగా ఉంది. రాజుగారి పుట్టినరోజు పండక్కి పడవలు తిరగాలని, ముందురోజు మధ్యాహ్నం పార్కువాళ్ళ యంత్రం వచ్చి రెల్లంతా ఊడ్చేసింది. గట్టుమీద బురద కుప్పలో నీలం చేతితొడుగు. పక్షులు రెండూ ఉత్త నీళ్ళలో అక్కడక్కడే తిరుగుతున్నాయి.

ఆమె కుర్చీ కూడా విప్పలేదు. నేరుగా పార్కు ఆఫీసుకు వెళ్ళింది.

“గూళ్ళున్నచోట మేం ముట్టుకోం మేడమ్. చట్టం ఒప్పుకోదు” అన్నాడు అక్కడి అధికారి వాన్ డ్రీల్. “మా జాబితాలో అక్కడ గూడే లేదు.”

“మీ జాబితాకి కళ్ళున్నాయా? నాకున్నాయి. చూడండి!” పుస్తకం ఆయన ముందుకు తోసింది.

ఆయన ఒక్కో పేజీ తిప్పాడు. “అబ్బ, ఎంత బాగా గీశారు! కానీ ఇది మా కాలవే అని ఎలా తెలుస్తుంది? వంతెన లేదు, గట్టు లేదు. మీ పెరట్లో కుంటేమో.”

“నేనుండేది నాలుగో అంతస్తులో! పెరడెక్కడిది?”

“రేపు పడమటి సగం శుభ్రం చేస్తున్నాం. అక్కడ గూడుంటే రుజువు తెండి, ఆపిస్తాను.”

బయట మెట్లమీద కూర్చుని పుస్తకం తెరిచింది. పంతొమ్మిది పేజీల తెలుపు. ఇంతసేపూ ఆఫీసు మీదున్న కోపం మెల్లగా తన కుడిచేతి మీదికి తిరిగింది.

“ఫోనుతో ఒక్క నొక్కు నొక్కితే పోయేదిగా” అన్నాడు సీమెన్, సంగతి విని.

“ఇప్పుడా చెప్పడం? నీ తెలుపే ఆ ఏడు గుడ్లనీ మింగింది.”

“నాదేముంది? గీసింది నీ చెయ్యి.”

నిజమే. అందుకే ఇంకా మండింది.

ఆ సాయంత్రం పడమటి గట్టున, విల్లో చెట్టు కింద ఇంకో గూడు కనిపించింది. ఫోను సంచిలోనే ఉంది. తీయలేదు. తన కంటిమాట వాళ్ళు నమ్మాలి, అంతే. గూడు గీసింది, నాలుగు గుడ్లు గీసింది. తర్వాత నలభై ఆరో నంబరు దీపస్తంభం, పలక విరిగిన బెంచీ, వంతెన, చర్చి గడియారం. కాగితం సంతలా నిండిపోయింది.

సీమెన్ తొంగిచూశాడు. “ఇది బొమ్మా, ట్రామ్ దారుల పటమా?”

“పటమే. ఈసారి ఏ వెధవా దారి తప్పడు.”

మర్నాడు ఆఫీసు తలుపులు తీయకముందే ఆమె గుమ్మంలో ఉంది. వాన్ డ్రీల్ కోటు కూడా వేసుకోకుండా ఆమె వెంట నడిచాడు. స్తంభం నంబరు చూశాడు, గుడ్లు లెక్కపెట్టాడు, యంత్రం నడిపేవాడికి ఫోను చేసి ఆపించాడు.

“మొన్నటివి కూడా ఇలాగే గీసుంటే...” అన్నాడు.

“మొన్న మీరూ ఇలాగే నడిచొచ్చుంటే?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె వంతెన కిందికి వెళ్ళి కుర్చీ వేసుకుంది. బోసి కాలవ, బురద కుప్ప, చేతితొడుగు, ఇంకా అక్కడే తిరుగుతున్న జంట, అన్నీ అంచుల దాకా గీసి నిమిషం వేసింది. ఎన్నడూ పుస్తకంలో కాగితం చించని మనిషి ఆ పేజీని చించి, తీసుకెళ్ళి వాన్ డ్రీల్ బల్లమీద పెట్టింది.

“మీ జాబితాలో రాయండి. గూడు ఒకటి, గుడ్లు ఏడు. మీరు రాసేదాకా నేనిక్కడే నిలబడతాను.”

ఆయన కలం తీశాడు.