ఒప్పుకొమ్మని చెప్పింది నేనే

జనగామ కోర్టులో తాగి బండి నడిపిన కేసంటే మా వకీళ్లకు పెద్ద లెక్క కాదు. అప్పటి మెజిస్ట్రేటు జరిమానా వేసి, కోర్టు లేచేదాకా వెనక బెంచీ మీద కూర్చోమనేవారు. అంతే శిక్ష. అందుకే ఇలాంటి కేసుతో ఎవరొచ్చినా నేను చెప్పేవి రెండే మాటలు: "ఒప్పుకో. సద్ది తెచ్చుకో."

దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన ఆటో ట్రాలీ డ్రైవరుకూ అదే చెప్పాను. పత్తి మార్కెట్లో లోడు దించి, ఒక క్వార్టరు తాగి, ఊరు దాటకముందే పోలీసులకు దొరికాడు. మెతక మనిషి. వరండాలో నా వెంటే నడుస్తూ, "జర జల్ది అయితదా సారు? రేపు పొద్దుగాల మా యాడిని మానుకోట దవాఖానకు తోల్కపోవాలె" అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. తీసుకెళ్లడానికి ఈ కొడుకు తప్ప వేరే దిక్కు లేదు.

"పరేషాన్ గాకు. పొద్దుమీకేసరికి ఇంట్ల ఉంటవ్" అన్నాను.

ఆ రోజు మా మెజిస్ట్రేటు సెలవు. పక్క కోర్టు నుంచి ఇన్‌ఛార్జి వచ్చారు. తాగిన డ్రైవర్లను ఆయన జైలుకే పంపుతారని మా అందరికీ తెలుసు. కుర్చీలో ఆయన్ని చూడగానే వాయిదా అడగాల్సింది. కానీ సాయంత్రం భూపాలపల్లిలో చుట్టాల పెళ్లి రిసెప్షన్ ఉంది, తొందరగా తెమిలితే చాలనుకున్నాను.

నేను నేర్పినట్టే చేతులు కట్టుకొని తప్పు ఒప్పుకున్నాడు. శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని జడ్జి అడిగారు. అతను నా వైపు చూశాడు. నేను ఇంకో ఫైలు తిరగేస్తున్నాను. వారం రోజుల జైలు పడింది.

అదే చెకింగులో దొరికిన ఘనపూర్ లారీ డ్రైవరు కేసు కూడా ఆ రోజే ఉంది. పోలీసులు ఊదించిన మీటరులో అతని అంకె ఇంకా ఎక్కువ. అతని తరఫున వచ్చిన లాయరమ్మ నిన్నగాక మొన్న నల్లకోటు తొడిగింది. జడ్జిని చూసీ చూడగానే వాయిదా తీసుకుంది. తర్వాతి వారం మా మెజిస్ట్రేటు తిరిగొచ్చారు. ఆ డ్రైవరు జరిమానా కట్టి, సాయంత్రం దాకా కునుకు తీసి ఇంటికి పోయాడు. ఒకే రోడ్డు, ఒకే సెక్షన్, ఇద్దరికీ ఇంత తేడానా అని జడ్జీల మీద మండిపడ్డాను. నిజానికి ఆ తేడా కనిపెట్టుకొని ఉండటానికే కదా నాకు ఫీజు ఇచ్చేది!

శిక్ష పడిన రోజు పోలీసులు తీసుకుపోతుంటే మా ట్రాలీ డ్రైవరు, "గిట్లయితదని చెప్పకపోతివి సారు. యాడి ఎట్ల?" అన్నాడు.

"నువ్వు ఒప్పుకున్నవ్ గాబట్టి వారంతోని పోయింది. లేకుంటె ఆర్నెల్లు పడేది" అన్నాను. పచ్చి అబద్ధం. అప్పీలు వేసి శిక్ష ఆపించే ప్రయత్నమైనా చేయవచ్చు. నేను రిసెప్షన్‌కు వెళ్లాను.

ఆ వారంలో రెండు డయాలసిస్‌లు తప్పాయి. ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక ఆమెను వరంగల్‌కు తరలించారు. బతికింది. కానీ అప్పటిదాకా తన కాళ్ల మీద నడిచి ఆటో ఎక్కిన మనిషి మళ్లీ మంచం దిగలేదు.

మూడు నెలలకు అతను నా ఆఫీసుకు వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. వెంట బామ్మర్దిని తెచ్చాడు. అతనిదీ తాగి నడిపిన కేసే.

"గా దినం సారు చెప్పినట్టు ఒప్పుకున్న గాబట్టి నేను బయటపడ్డ. లేకుంటె ఆర్నెల్లయితే మా యాడి పానమే పోతుండె" అని బామ్మర్దికి చెప్పి, "సారు ఎట్ల జెప్తె గట్లనే చెయ్యి" అన్నాడు.

నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని తెలుసు. గొంతు సవరించుకున్నాను కూడా. తర్వాత వకాల్తా కాగితం తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.